పొట్టేలుకు విడిగా గది

ఇప్పుడంటే ఇంటికి మూడు ఫోన్లు, ఫోనుకు రెండు సిమ్ములు వచ్చాయి గానీ, నేను డిగ్రీ పూర్తిచేసిన కాలంలో గరిడేపల్లి చుట్టుపక్కల ఎవరికైనా మెయిల్ ఐడీ ఉందంటే అది వాళ్లు పెట్టుకున్నది కాదు, నెట్ సెంటర్ వాళ్లు పెట్టిచ్చింది. పాస్‌వర్డు కూడా వాళ్లదే. మా చుట్టాలందరి మెయిళ్లకూ ఒకటే పాస్‌వర్డు: మా ఊరి పేరు, దాని పక్కన ఒకటీ రెండూ మూడూ. అంటే వాడకట్టు మొత్తానికీ ఒకటే తాళంచెవి అన్నమాట, అది కూడా మా బావ జేబులో. బావంటే మా మేనత్త కొడుకు. కోదాడ బస్టాండు దగ్గర నెట్ సెంటర్ పెట్టుకుని, వచ్చినవాళ్లకు పరీక్షల రిజల్టులు చూసిపెట్టేవాడు కనుక అందరూ ఆయన్ను రిజల్ట్ బావ అనేవాళ్లు. (మీరు అడగబోయేది నాకు తెలుసు. లేదు, చేసుకోలేదు. ఆయన పెళ్లయి ఇంటికొచ్చినప్పుడు, పేర్లు చెప్పందే లోపలికి రానియ్యమని గడప దగ్గర అడ్డం నిలబడ్డవాళ్లలో నేనూ ఉన్నాను.)

మా దిక్కు మరదలిని ఆటపట్టించే హక్కు బావకు పుట్టుకతోనే వస్తుంది, దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. మా బావ ఆ హక్కును ఒక ఉద్యోగంలాగా చేసేవాడు. ఇంటర్ రిజల్టుల రోజు కంప్యూటర్ ముందు కూర్చుని, మొహం ఇంత చేసుకుని, "జువాలజీ పోయింది పిల్లా" అన్నాడు. నేను సెంటర్ మెట్ల మీద కూర్చుని ఏడ్చి ఏడ్చి ముక్కు తుడుచుకుంటుంటే మిర్చి బజ్జీల పొట్లం ఒళ్లో పెట్టి, ఫస్ట్ క్లాసు కాగితం చూపించాడు. డిగ్రీ ఆఖరి ఏడు మరీ ఘోరం. నా హాల్‌టికెట్ మీద పరీక్షా కేంద్రం దగ్గర "దామరచర్ల కరెంటు ప్లాంటు, రెండో గేటు" అని ఎంత అందంగా అతికించి ప్రింటు తీశాడంటే, నేను టిఫిను కట్టుకుని మిర్యాలగూడ బస్టాండు దాకా పోయాను. అక్కడ బెంచీ మీద కాళ్లూపుకుంటూ కూర్చుని ఉన్నాడు. "ఎటు పోతున్నావ్ పిల్లా, సిమెంటు మొయ్యడానికా?" అని అడిగి, అసలు హాల్‌టికెట్ చేతిలో పెట్టి, బండి మీద సూర్యాపేటలో దింపి వచ్చాడు. తేదీ కూడా ఒక రోజు ముందుకు మార్చి పెట్టాడు, అసలు పరీక్ష మరునాడు కాబట్టి సరిపోయింది.

అయితే ఒక్క మాట ఆయన పక్షాన చెప్పాలి. ఆయన అబద్ధం ఏదీ పొద్దు మునిగేదాకా బతికేది కాదు. మా అత్త ఎప్పుడో ఆయనతో ఒట్టు వేయించుకుంది, నవ్వులాట రాత్రి నిద్ర చెయ్యొద్దు అని. ఈ మాట నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అవసరమైన వారం రోజులూ మాత్రం ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

మాది గొర్రెలు కాచే ఇల్లు. మా నాయిన, ఆయన నాయిన, ఆ పైవాళ్లు అందరూ మంద వెనక నడిచినవాళ్లే. నేను సూర్యాపేటలో డిగ్రీ అయ్యాక, ఒక రాత్రీ పగలూ రైలు దూరంలో ఉన్న ఒక యూనివర్సిటీలో గొర్రెల పెంపకం మీద పీజీ ఉందని ఎక్కడో చదివాను. (పేరెందుకు లెండి, ఈ కథలో వాళ్ల తప్పేమీ లేదు.) నాకు ఆ సీటు కావాలి. ఎంతగా కావాలంటే, కావాలని పైకి అనడానికి భయమేసేంత. రాకపోతే మిర్యాలగూడలో ఒక ప్రైవేటు బడిలో చేరడానికి మాటైపోయింది. దరఖాస్తులో "ఈ చదువు మీకెందుకు" అని ఒక పేజీ రాయమన్నారు. నేను మా నాయిన తెల్లవారుజామున మందలో పడుకుని, చూడకుండానే దగ్గును బట్టి ఏ గొర్రెకు బాగాలేదో చెప్పడం గురించి రాశాను. దుమ్ముకు వచ్చే దగ్గు వేరు, వానకు తడిస్తే వచ్చే దగ్గు వేరు, కడుపులో నట్టలు (అంటే పురుగులు) పడితే వచ్చే దగ్గు వేరు, ఇది ఎందుకు ఇలా ఉంటుందో నాకు తెలుసుకోవాలని ఉంది అని. రాశాక సిగ్గేసింది. అంతంత పెద్ద డాక్టర్లకు నేను తాతకు దగ్గులు నేర్పినట్టు రాశానే అనిపించింది. ఆ పేజీని బావ సెంటర్‌లో బావే టైపు చేసి, బావే పంపించాడు. లోకంలో దాన్ని చదివింది ఆయన ఒక్కడే అని నా నమ్మకం.

మెయిలు ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. మా ఇంట్లో సిగ్నలు అందదు, దొడ్డి వెనకాల బండ మీద నిలబడితే అందుతుంది. నిలబడి చదివాను. "మీ దరఖాస్తు మాకు ఎంతో సంతోషం కలిగించింది. మీకు ప్రవేశం ఇస్తున్నామని తెలియజేయడానికి ఆనందిస్తున్నాము. ముఖ్యంగా గొర్రెల దగ్గుల గురించి మీరు రాసిన పేజీ మాకు నచ్చింది. శుక్రవారం సాయంత్రం అయిదులోపు ఈ కింది లింకు నొక్కి మీ అంగీకారం తెలపండి. లేని పక్షంలో సీటు తర్వాతివారికి ఇవ్వబడుతుంది." ఇంగ్లీషులో ముఖ్యంగా ఇదే ఉంది. నేను ఎగిరి గంతెయ్యబోయి, "దగ్గుల" దగ్గర ఆగిపోయాను. యూనివర్సిటీవాళ్లు నా దగ్గుల గురించి చదువుతారా? చదివినా మెయిల్లో రాస్తారా? పైగా ఆదివారం పూట ఏ ఆఫీసు తీసి ఉంటుంది? ఆదివారం తీసి ఉండేది కోదాడలో మా బావ సెంటర్ ఒక్కటే.

కిందికి దిగి వచ్చి నాయినకు చెప్పాను. నాయిన దొడ్డి కంప సరిచేస్తూ, "సదివి తెలుగుల జెప్పు బిడ్డా" అన్నాడు.

"మన దరఖాస్తుకు వాళ్లు మస్తు సంతోషపడ్డరట నాయినా."

"మనకు సీటిస్తే వాళ్లకెందుకు సంతోషం?"

ఇది నాకు తట్టలేదు. "మంచిగ రాసిన్నట, నచ్చిందట" అన్నాను.

నాయిన కంప వదిలేసి నావైపు తిరిగాడు. "పొగిడిన్రా? గట్లయితే జర ఆగు. సంతల ఎవడన్న గొర్రెను పొగిడి అమ్ముతుంటే మనమేం జేస్తం?"

"పండ్లు సూస్తం."

పండ్లంటే మా భాషలో నోట్లో పళ్లు. గొర్రె వయసు పళ్లలో తెలుస్తుంది. మంచి గొర్రెను ఎవడూ పొగడడు, దాన్ని చూస్తేనే తెలుస్తుంది కాబట్టి. పొగిడాడంటే పళ్లు ఊడిన ముసలిదో, లోపల రోగం ఉన్నదో అయి ఉంటుంది. ఇది మా ఇంట్లో వేదం. "ఇంకోటి సూడు" అన్నాడు నాయిన, ఆయనకు ఇప్పుడు ఉత్సాహం వచ్చింది. "సీటంటే గూడ బేరమే గద. బేరం తువ్వాల కింద వేళ్లు పట్టుకోని అయితది. నడుమ ఎవ్వలకు తెల్వదు. గిట్ల బాజాప్త రాసి పంపుతరా ఎవలన్న? ఇది మన కోదాడ అల్లుని పనే." అమ్మ గుమ్మంలో బియ్యం చెరుగుతూ, "నిజంగనే ఇచ్చిన్రేమో" అంది. మేమిద్దరం ఆమెను జాలిగా చూశాం.

మెయిలు కింద ఫోన్ నంబరు ఒకటి ఉంది, నిజమే. కానీ ఒకసారి బావ తన స్నేహితుడితో కలెక్టర్ ఆఫీసు నుంచి అని ఫోన్ చేయించి, మా నాయినతో మర్యాదగా పావుగంట మాట్లాడించిన చరిత్ర ఉంది. కాబట్టి నంబరుకు విలువ లేదు. లిస్టు వెబ్‌సైట్‌లో చూద్దామంటే, అందరి అంగీకారాలూ వచ్చాకే పెడతామని మెయిల్లోనే రాశారు. అది కూడా నాకు బావ తెలివిలాగే కనిపించింది. ఇక ఆ సాయంత్రమంతా నా పని ఊహించడమే. నిజం చెప్పొద్దూ, నాకు కోపం రాలేదు, తెగ ఆరాటంగా ఉండింది. ఎట్లా చేసి ఉంటాడు? మధ్యాహ్నం గిరాకీ లేని వేళ షట్టర్ సగం దించుకుని ఉంటాడు. యూనివర్సిటీ ముద్ర ఎక్కడినుంచో తీసి పైన అతికించి ఉంటాడు. పంపినవాళ్ల పేరు మార్చే కిటుకు ఏదో నేర్చి ఉంటాడు. "ప్రవేశం ఇస్తున్నామని" దగ్గర పడీ పడీ నవ్వి ఉంటాడు. మరి ఇంత ఇంగ్లీషు ఎక్కడిది? ఎవరో లెక్చరర్ జిరాక్సులకు వచ్చినప్పుడు అడిగి రాయించుకుని ఉంటాడు. ఒక్కొక్క ముక్కా నా మనసులో ఎంత చక్కగా అతుక్కుందంటే, చివరికి ఆ మోసం మీద నాకు గౌరవం పుట్టుకొచ్చింది. కరెంటు ప్లాంటు హాల్‌టికెట్ నుంచి ఇక్కడిదాకా ఎదిగాడు మా బావ అనుకున్నాను.

నొక్కితే ఏమవుతుందో కూడా ఊహించాను. నేను లింకు నొక్కిన మరుక్షణం కోదాడలో ఆయనకు తెలుస్తుంది. డప్పు పట్టుకుని బయలుదేరుతాడు. ఇంటర్‌లో ఏడ్చింది నాకేమీ అనిపించలేదు, అందులో ఏడుపే ఉంది. ఇందులో అయితే సంతోషపడాలి. లేని సీటుకు సంతోషపడ్డానని నలుగురిలో తెలిస్తే నేను తట్టుకోలేను. కాబట్టి నొక్కనని నిర్ణయించుకుని, ఆయన చెవిలో ఆయన పువ్వే పెడదామని బండ ఎక్కి జవాబు రాశాను. నాకు వచ్చిన ఇంగ్లీషంతా అందులో పోశాను. తెలుగులో చెబితే ఇలా ఉంటుంది. "గౌరవనీయులైన అయ్యా, మీ సంతోషానికి సంతోషం. అయితే మా వంశంలో మంద లేకుండా ఎవరమూ ఊరు దాటము. కాబట్టి నా గొర్రెలను వెంట తెచ్చుకుంటాను. హాస్టల్లో నా గది పక్కనే వాటికి చోటు చూడగలరు. పొట్టేలుకు విడిగా గది కావాలి, దానికి ఎవరితోనూ పడదు."

సోమవారం జవాబు వచ్చింది. "మీ మెయిలు అందింది. హాస్టల్ గదుల్లో పశువులను ఉంచడానికి నిబంధనలు అనుమతించవు. విభాగపు ఫారంలో ఉంచదలిస్తే పశువైద్యుని ధ్రువపత్రం అవసరం. పశువుల సంఖ్య, వయసు తెలియజేయగలరు." నేను బండ మీద కూర్చుండిపోయి నవ్వాను. ఇక అనుమానమే లేదు. లోకంలో ఏ యూనివర్సిటీ అయినా పొట్టేలు గది గురించి ఇంత ఓపికగా జవాబిస్తుందా? నాయినకు చదివి వినిపిస్తే ఆయన కూడా ముసిముసిగా నవ్వి, ఒక్క దగ్గర మాత్రం మొహం ముడుచుకున్నాడు. "మంద లెక్క అడిగిండా? అల్లుడైతే మాత్రం లెక్క అడుగుతడా? జెప్పకు." మా ఇళ్లల్లో మందలో ఎన్ని ఉన్నాయో ఎవరికీ చెప్పరు. చెబితే దిష్టి తగులుతుంది, తగ్గిపోతాయి. సర్వే సార్లు వచ్చినా "ఉన్నయ్ సార్, దేవుని దయ" అనేవాడు నాయిన.

నేను అదే రాశాను. "మా ఇంట్లో మంద లెక్క చెప్పే ఆచారం లేదు. ఉన్నాయి, దేవుని దయ. వయసు కావాలంటే మీరే పళ్లు చూసుకోవచ్చు, నోరు తెరిచి పట్టుకోవడానికి నేను సాయం చేస్తాను." దానికి బుధవారం జవాబు. "సంఖ్య తెలియకుండా షెడ్డు కేటాయించడం వీలుపడదు. పొట్టేలు పొడిచే అలవాటు కలదా అన్నది కూడా తెలపాలి. మీ అంగీకారం ఇంకా అందలేదు. శుక్రవారం ఆఖరు." ఆ ఆఖరి మాట దగ్గర మాత్రం ఆగి రెండోసారి చదివాను. ఒకవేళ నిజమైతే? రాత్రి పడుకున్నాక కూడా ఆ "ఒకవేళ" చెవి దగ్గర దోమలాగా తిరిగింది. దాన్ని తోలేశాను. నిజమయ్యేదుంటే నాకెందుకు అవుతుంది అనుకున్నాను. ఆ మాట ఎంత సులువుగా అనుకున్నానో ఇప్పుడు తల్చుకుంటే బాధేస్తుంది.

శుక్రవారం మా మందకు నట్టల మందు పోసే రోజు. వానలకు ముందు ఒక్కొక్క గొర్రెనూ పట్టి, దవడలు విడదీసి మందు తాగించి, తాగినదాని వీపున రంగు చుక్క పెట్టి వదలాలి. బలమైన చేతులు కావాలని నాయిన ఎప్పుడూ బావను పిలుస్తాడు. వచ్చాడు. పొద్దున్నుంచీ ఆయన మొహాన్నే చూస్తున్నాను. నవ్వు లేదు. కనీసం మూతి కొస కూడా కదలడం లేదు. ఏ గొర్రెనో పట్టుకుంటూ మామూలుగా, "ఆ యూనివర్సిటీవాళ్లేమన్నా చెప్పారా పిల్లా?" అని అడిగాడు. ఎంత నటన అనుకున్నాను. "ఏం జెప్పలే బావా" అన్నాను తియ్యగా. "చెప్తార్లే. నీ పేజీ బాగుంది" అన్నాడు. ఎన్నడూ లేనిది బావ కూడా పొగిడాడంటే ఇక చెప్పేదేముంది?

ఫోను మందులో పడుతుందని ఆయన తన ఫోను నా చేతికే ఇచ్చి, పెద్ద పొట్టేలును రెండు కాళ్ల మధ్య ఇరికించుకుని వంగాడు. వంగేసరికి వెనకాల ప్యాంటు పర్రున చినిగింది. ఆయన చూసుకోలేదు. నాకు ఇంతకన్నా మంచి సమయం దొరకదు. నా ఫోను తీసి, గబగబా బండ ఎక్కి ఆ మెయిలుకే, ఎప్పటిలాగే ఇంగ్లీషులో, రాశాను: "బావా, ఇగ చాలు, నాకంతా తెలిసింది. ముందు నీ ప్యాంటు వెనకాల చూసుకో, చినిగింది." పంపించి కిందికి దిగకుండా అక్కడే నిలబడ్డాను. ఆయన ఫోను నా ఎడమ చేతిలో ఉంది, అది మోగుతుంది, నేను పైనుంచి ఊపుతూ చూపిస్తాను, ఖతం.

మోగింది నా ఫోను. కుడి చేతిలోది.

"మీ మెయిలు అందింది. నేను చీర కట్టుకుని ఉన్నాను. మీరు చెప్పిన చిరుగు ఏదీ కనబడలేదు. ఈ రోజు అయిదు తర్వాత మీ సీటు తర్వాతివారికి వెళ్తుంది."

కిందికి చూశాను. బావ రెండు చేతులూ మోచేతుల దాకా మందులో తడిసి, పొట్టేలు నోట్లో ఉన్నాయి. నాయిన మందు పోస్తున్నాడు. ఆయన ఫోను నా దగ్గర చల్లగా నల్లగా ఉంది. మొదట సిగ్గు రాలేదు. మొదట వచ్చింది వేరే. నా పేజీ ఎవరో చదివారు. చీర కట్టుకున్న ఎవరో ఒకావిడ, నాకు ముక్కూ మొహం తెలియనావిడ, మా నాయిన గొర్రెల దగ్గులు వినడం గురించి చదివి, నచ్చి, ఆదివారం పూట కూర్చుని రాసింది. అది తట్టాక సిగ్గు వచ్చింది. వెనకే భయం.

దిగి బావకు చూపించాను. పొట్టేలును వదిలేసి, తడి చేతులు చొక్కాకు తుడుచుకుని, మొదటినుంచీ చదివాడు. ఆయన మొహంలో ఏ వెటకారమూ లేకుండా నేను చూడడం అదే మొదటిసారి. "ఇది నేను చేసిందా? నువ్వు నిజంగా అట్ల అనుకున్నావా?" అన్నాడు. కొంచెం నొచ్చుకున్నట్టే అన్నాడు. "ఆదివారం వచ్చింది, ఇయ్యాల శుక్రవారం. నా అబద్ధం ఎన్నడన్న పొద్దుమూకినంక బతికిందా పిల్లా? అమ్మకు ఒట్టేసిన గద." కోదాడ మాట వదిలేసి మా ఊరి మాటలోకి వచ్చేశాడంటే ఆయన బాగా కదిలాడని అర్థం. తర్వాత "పొట్టేలుకు విడిగా గది" దాకా వచ్చి ఒక్కసారిగా పగలబడి నవ్వాడు. "నేను పదేండ్ల సంది జేస్తున్నగని గింత పెద్దది ఎన్నడు జెయ్యలే" అని నాకు దండం పెట్టాడు.

నాయిన మందు సీసా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పళ్లు చూడమన్నది తనే కదా. ఏమంటాడో అని చూశాను. "పోన్రి, జల్ది పోన్రి" అన్నాడు. "పోయి బేరం ఒప్పుకో బిడ్డా. పండ్లు నేను తర్వాత సూస్త." ఆ ఆదివారం బియ్యం చెరుగుతూ నిజమే చెప్పిన అమ్మ బండి తాళంచెవి తెచ్చి బావ చేతిలో పెట్టింది, అది ఇంకా కష్టంగా ఉంది.

ఫోనులో లింకు తెరుచుకోలేదు, తెల్లటి తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. ఇద్దరం బావ బండి మీద హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు పడ్డాం. బావ ప్యాంటుకు వెనకాల నా చున్నీ కట్టుకున్నాడు. ఇద్దరి దగ్గరా నట్టల మందు వాసన. రైల్వే గేటు పడలేదు, టైరు పంచరు కాలేదు, అలాంటివేమీ జరగలేదు. సెంటర్‌లో కరెంటు ఉంది, నెట్ ఉంది, పేజీ తెరుచుకుంది. "అంగీకరిస్తున్నాను" అని ఆకుపచ్చ గడి కనిపించింది. అన్నీ ఉన్నాయి, నా వేలే కదల్లేదు. అప్పటికీ ఒక మూల, ఇది కూడా ఆటలో భాగమేమో, నొక్కగానే ఆ తలుపు వెనక నుంచి నలుగురు బయటికొచ్చి నవ్వుతారేమో అని భయం. "నువ్వు నొక్కు బావా" అన్నాను.

ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నేను నొక్కితే నువ్వు జన్మల నమ్మవు. నువ్వే నొక్కు పిల్లా."

నొక్కాను. ఎవరూ బయటికి రాలేదు. కాసేపటికి మెయిలు వచ్చింది. "మీ ప్రవేశం ఖరారైంది. పశువుల సంఖ్య ఇంకా తెలియపరచలేదు." బావ వెళ్లి మిర్చి బజ్జీలు తెచ్చాడు. ఈసారి ముందు ఏడిపించకుండానే ఇచ్చాడు గానీ, తింటూ నేనే ఏడ్చాను.

చేరడానికి వెళ్లినప్పుడు ఆ ఆఫీసు గది ముందు అరగంట తచ్చాడాను. లోపల ముక్కు మీద కళ్లద్దాలు, నూలు చీర, పెదాల మీద ఏ కదలికా లేని ఒక పెద్దావిడ. నా పేరు చెప్పగానే తల ఎత్తి నన్ను కాదు, నా వెనకాల తలుపువైపు చూసింది. ఆమెది అక్కడి హిందీ, నాది సూర్యాపేట అంగళ్లలో నేర్చిన హిందీ. "ఎన్ని తెచ్చావు?" అని అడిగింది. పళ్లు బిగించి నిలబడ్డాను. క్షమాపణ కోసం ఇంగ్లీషులో రాసి బట్టీ పట్టింది మొత్తం ఎగిరిపోయింది. "ఒక్కటీ తేలేదు మేడమ్. నేనొక్కదాన్నే వచ్చాను" అన్నాను. మా ఇంట్లో మంద లెక్క పైకి చెప్పినదాన్ని నేనే మొదలు. ఆ మాట నోట్లోంచి వచ్చాకే, వాటిని ఎంత దూరాన వదిలి వచ్చానో నాకు తెలిసింది.

ఆవిడ ఏదో కాగితం మీద సంతకం పెట్టి నా ముందుకు తోసింది. "వెనకాల ఫారంలో మావి ఉన్నాయి. సామాను పెట్టి వెళ్లి చూసిరా. దగ్గేవి కూడా ఉన్నాయి" అంది. నేను తలుపు దాకా వెళ్లాక మళ్లీ పిలిచి, "ఎన్ని ఉన్నాయని మాత్రం మా కాపరిని అడగకు. ముప్పై ఏళ్లుగా అడుగుతున్నాను, చెప్పడు" అంది. అప్పుడు కూడా నవ్వలేదు. నేను అక్కడ చదివిన రెండేళ్లలో ఎన్నోసార్లు అడుగుదామనుకున్నాను, ఆ వారం రోజులూ మీరు నిజంగానే షెడ్డు సంగతి చూశారా, నాతో ఆడుకున్నారా అని. ధైర్యం చాలలేదు. మెయిలు వెనకాల ఎవరో వేళాకోళం చేస్తున్నారన్న నా ఊహ మరీ తప్పేమీ కాదేమో, మనిషిని మాత్రమే తప్పు పట్టుకున్నానేమో. నాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు నేను మిర్యాలగూడలో ఒక కాలేజీలో పాఠం చెబుతాను. సీట్లు వచ్చిన పిల్లలకు మెయిళ్లు పంపే పని ఏటా నా నెత్తిన పడుతుంది. ప్రతి మెయిల్లోనూ ఆ పిల్ల రాసిన పేజీలోంచి ఒక ముక్క ఎత్తి పెడతాను, వాళ్లకు అదే అనుమానం కలిగిస్తుందని తెలిసి కూడా. మొన్న వేములపల్లి నుంచి ఒక తండ్రి ఫోన్ చేశాడు. "మేడమ్, మా బిడ్డకు సీటొచ్చిందని మీ పేరు మీద మెయిలొచ్చింది. మా అల్లుడు జర కొంటెటోడు. ఇది నిజమేనా?" అన్నాడు. వెనకాల ఎవరో పిల్ల ఊపిరి బిగబట్టి వింటున్నట్టు నాకు అనిపించింది. నా కళ్ల ముందు దొడ్డి వెనకాల బండ, దాని మీద చేతిలో ఫోను పట్టుకుని, వచ్చిన సంతోషానికి పళ్లు లెక్కపెడుతున్న ఒక పిచ్చిపిల్ల కనిపించింది. నవ్వొచ్చింది, కళ్లు కూడా తడిశాయి. "ఫోను మీ బిడ్డకియ్యండి" అన్నాను. తీసుకుంది.

"నిజమే" అన్నాను. "నొక్కు పిల్లా."